టీచరమ్మ గారి ఉప్పునీళ్ళ తొట్టి

మా పక్కింటి టీచరమ్మ గారు పోయిన వారం గుండెపోటుతో చనిపోయారు. కబురు వచ్చేసరికి నేను తెనాలి బస్టాండులో కాలువ కాలుష్యం మీద కరపత్రాలు పంచుతున్నాను. అమ్మ ఫోన్ చేసి, "ఒరే, టీచరమ్మ గారు ఇక లేరురా. ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నారు" అంది. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది.

మనిషి పోతే భయమెందుకని మీరు అడగవచ్చు. ఆమె ముందుగదిలో ఒక గాజుతొట్టి ఉంది. అందులో సముద్రపు నీళ్ళు, కొన్ని రాళ్ళు, తెల్లచారలున్న రెండు నారింజరంగు చేపలు. తొట్టి ఇంకా కొత్తది. కొత్త ఉప్పునీళ్ళ తొట్టి ఎంత తొందరగా విషమైపోతుందో మా వీధిలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఇక నేనొక్కడినే మిగిలాను.

భట్టిప్రోలు బడిలో ఆమె దగ్గర సైన్సు చదివినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. బోర్డు మీద రంగు సుద్దలతో సముద్రం గీసే టీచరమ్మ అంటే గుర్తుపడతారు. రిటైరయ్యాక ఆ సుద్ద సముద్రం ఆమెకు చాల్లేదు. "సూర్యలంక ఎంత దూరంరా మనకి? అయినా మన పిల్లలకి చేపంటే పులుసే" అని నవ్వేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వీధి పిల్లలను కూర్చోబెట్టి బతికున్న సముద్రాన్ని చూపించాలని ఆమె కోరిక. క్యాన్లు మోయడానికి నన్ను పిలిచారు. "ఎటూ అరుస్తూ తిరుగుతున్నావుగా, ఆ బలమేదో ఇటు పెట్టు" అన్నారు.

బాపట్ల దాకా రైలు, అక్కడినుంచి సూర్యలంకకు ఆటో. ఒడ్డు నీళ్ళు బురదగా ఉంటాయని, అలలు దాటి వెళ్ళిన పడవాయన చేత నీళ్ళు తెప్పించుకున్నారు. తిరుగు రైలులో మా క్యాన్లు చూసి ఒకాయన, "ఏంటండీ టీచరుగారూ, మన కాలువల్లో నీళ్ళైపోయాయా?" అని వెక్కిరించాడు. "నీళ్ళున్నాయండి, ఉప్పే తక్కువైంది" అన్నారామె, చీర కుచ్చిళ్ళ మీద కారుతున్న క్యాను మూత బిగిస్తూ.

మొదటి చేపలు బతకలేదు. నీళ్ళు పోసిన వెంటనే వదిలేశాం. చేప విసర్జించిన దాంట్లోంచి, తినకుండా వదిలేసిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు రాళ్ళ మీద, వడపోత పెట్టెలో మెల్లగా పెరగాలి. అవి పెరిగేదాకా ఆ నీళ్ళు చేపల మొప్పలను కాల్చేస్తాయి. తొట్టి పెట్టడం నేర్పే పుస్తకంలో ఆ పేజీకి మేమింకా రాలేదు. ఆమె రెండురోజులు తొట్టివైపు చూడలేదు. తర్వాత పరీక్ష మందు తెప్పించారు. గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పోసి ఆ చుక్కలు వేస్తే, అమ్మోనియా లేకపోతే దుగ్గిరాల యార్డులో పసుపు రాశిలా మెరుస్తుంది. ఉంటే ఆకుపచ్చ. ముదిరేకొద్దీ ముదురాకుపచ్చ.

అది సర్దుకుని ఈ రెండు చేపలు వచ్చాయో లేదో, రాళ్ళ మీద గోధుమరంగు తుప్పులాంటి నాచు పట్టింది. తర్వాత జుట్టులా పచ్చటి నాచు. నాకు ఒళ్ళు మండింది. "మొత్తం పారబోద్దాం టీచరమ్మ గారూ. రాళ్ళన్నీ పంపు కింద రుద్ది కడిగేసి మొదటి నుంచి మొదలుపెడదాం" అన్నాను. నేను చదివిన కరపత్రాలన్నీ అలాగే ముగుస్తాయి.

ఆమె కళ్ళద్దాలు తీసి నావైపు చూశారు. "నీకన్నీ మొదటి నుంచేరా. మరి మధ్యలో బతుకుతున్నవాటి సంగతేంటి?"

రాళ్ళు పంపునీళ్ళలో కడిగితే ఆ సూక్ష్మజీవులూ పోతాయి. అందుకని మేత తగ్గించారు. తొట్టి మీది దీపం త్వరగా ఆర్పేవారు. నాచును పాత టూత్‌బ్రష్‌తో గీకి, కొన్ని నీళ్ళు తీసి కొన్ని కొత్త నీళ్ళు పోసేవారు. గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని ఒకటికి మూడుసార్లు చూసేవారు. "మీకూ భయమేనా?" అని అడిగాను. "భయం లేకపోతే రోజూ ఎవరు చూస్తార్రా?" అన్నారు.

ఆ రోజు బస్టాండు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ముందుగదిలో ఐస్ బాక్సు పెట్టి ఆమెను పడుకోబెట్టారు. తొట్టి నీళ్ళను వడపోత పెట్టెలోంచి తిప్పే మోటారు చప్పుడు లేదు. ఆ గదిలో ఉన్న ఒక్క ప్లగ్గూ ఐస్ బాక్సుకు పోయింది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

"ఎవరండీ ప్లగ్గు తీసింది?" అని అరిచాను. గదంతా నావైపు తిరిగింది.

రేపల్లె నుంచి వచ్చిన ఆమె తమ్ముడు లేచారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేనే తీశాను. అక్కని పెట్టమంటావా, నీ చేపల్ని పెట్టమంటావా?"

మగ్గు తీసుకుని తొట్టి పక్కన నిలబడ్డాను. నీళ్ళు ముంచి ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోకే పోశాను, కాస్త గాలైనా కలుస్తుందని. ముంచడం, పోయడం. ఐస్ బాక్సు దగ్గర చర్చి పాటలు పాడుతున్న ఒక పెద్దావిడ ఆపి, "ఇదేం ఆచారం నాయనా? మీవాళ్ళల్లో ఉందా?" అంది.

"లేదండి. వాటికి ఊపిరాడట్లేదు."

ఆవిడ చాలాసేపు చూసింది. నా చేయి పడిపోతుందనిపించినప్పుడు మగ్గు లాక్కుని, "అక్కణ్ణించేనా పోసేది?" అని తనే ముంచింది. తర్వాత ఇంకొకరు. టీచరమ్మ గారిని తీసుకెళ్ళే వేళకు ఆ మగ్గు తమ్ముడుగారి చేతిలో ఉంది.

సమాధుల తోట నుంచి వచ్చాక ఆయనే ప్లగ్గు పెట్టి, "ఇదిగో తిరుగుతోంది అబ్బాయ్, చూడు" అన్నారు, ఏదో తిరిగి ఇచ్చినట్టు. నేను ఆపేలోపే, మోటారు ఆగినప్పటి నుంచి వడపోత పెట్టెలో నిలిచి ఎండవేడికి కుళ్ళిన నల్లనీళ్ళు తొట్టిలోకి వచ్చేశాయి. మర్నాడు గొట్టం ముదురాకుపచ్చ. సూక్ష్మజీవులు చచ్చిపోయి తొట్టి మళ్ళీ కొత్తదైపోయింది. రాళ్ళ మీద ఆ గోధుమ తుప్పు కూడా మళ్ళీ కనిపించింది.

కొత్త నీళ్ళ కోసం ఆయన నా వెంట సూర్యలంక వచ్చారు. క్యాన్లు మోశారు. ఇప్పుడు రేపల్లె నుంచి పొద్దున్నే ఫోన్ చేస్తారు. పలకరింపు లేదు. "ఏ రంగు?" అంటారు. నేను చెప్తాను. తర్వాత, "మేత వెయ్యలేదుగా?" అంటారు.

ఇవాళ గొట్టాన్ని ఆమె నిలబడే కిటికీ దగ్గరే పట్టుకున్నాను. ఆకుపచ్చ నిన్నటికన్నా పలచన. పసుపు మాత్రం కాదు. మోటారు తిరుగుతూనే ఉంది. అయినా ఆ రెండు చేపలు, ఆ రోజు మగ్గుతో నీళ్ళు పోసిన మూలకే వచ్చి, పైకి చూస్తూ నిలబడుతున్నాయి. నేను మగ్గు తీసి ముంచుతున్నాను.