అత్తగారి కాలువ

మా గోల్‌మురి వీధికి ఫౌంటెన్ కావాలా, మురుగు కాలువ కావాలా అని మునిసిపాలిటీ సభలో పెద్ద వాదనే జరిగింది. గొంతు చించుకుని కాలువే సాధించాను.

తవ్వే రోజు పొద్దున్నే మా అత్తగారు సంబరంగా కళ్ళాపి చల్లారు. పనివాళ్ళు గీసిన సున్నం గీత కాస్తా కొట్టుకుపోయింది. ఆ చోటే పెద్ద మెలికల ముగ్గు పెట్టారు.

నేను బజారు నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు కాలువ వంకర తిరిగి ఉంది. ముగ్గునే గుర్తనుకుని తవ్వించిన హిందీ మేస్త్రీ, "నిషాన్ తో యహీ థా" అన్నాడు, గుర్తు ఇదే కదా అన్నట్టు అమాయకంగా.

చూడ్డానికి కౌన్సిలర్ వచ్చాడు. సిగ్గుతో నేను తలెత్తలేదు. అత్తగారు మాత్రం కాలువలో బిందెడు నీళ్ళు కుమ్మరించి, "ఎల్తన్నాయి కదేటి బాబూ?" అన్నారు. నీళ్ళు వయ్యారంగా మలుపు తిరిగి వెళ్ళిపోయాయి. ఆయనతో సహా వీధంతా పగలబడి నవ్వింది.

సభలో అరిచింది నేను. వీధి మాత్రం ఇప్పటికీ దాన్ని అత్తగారి కాలువనే అంటుంది.