పొద్దున చూసిన చేను

సోమలింగం సూరత్‌లో ఉండి సేద్యం చేశాడు. నవ్వకండి, నిజంగానే చేశాడు. పగలంతా ఆ ఊరి శివారు సచిన్‌లో మరమగ్గాల షెడ్డులో చీరగుడ్డ నేస్తూ, జగిత్యాల దగ్గర తన ఊళ్లో వేసిన మక్కచేనును, అదే మొక్కజొన్నను, ఫోన్లో చూసి పెంచాడు. చేలో కాళ్లరిగేలా తిరిగేది పెళ్లాం నర్సవ్వ, పెత్తనం మాత్రం ఈయనది.

ఈసారి పంట చేతికొస్తే దీపావళికి మగ్గం వదిలేసి ఊళ్లోనే ఉండిపోవాలన్నది అతని పంతం. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి మరి. వేరే మనిషిని చూసుకోమని సేఠ్‌కు ముందే చెప్పేశాడు కూడా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట!

చేను తలెత్తు పెరిగింది. సరిగ్గా పైన పూత విచ్చి, కింద కంకికి పీచు రావలసిన రోజుల్లో వాన మొహం చాటేసింది. సూరత్‌లో మాత్రం ఒకటే వాన. తడిసిన చొక్కా పిండుకుంటూ, లోకమంతా ఇలాగే తడుస్తోందనుకున్నాడో ఏమో మహానుభావుడు.

ఒక మధ్యాహ్నం నర్సవ్వ చేనును వీడియో తీసి పంపింది. షెడ్డులో ఫోను ముట్టనివ్వరు కనుక సాయంత్రం బయటికొచ్చాకే చూశాడు. ఆకులన్నీ బీడీల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. వెంటనే ఫోన్ చేశాడు.

"చూసినవా? పీచు ఎల్తలేదు," అంది నర్సవ్వ. "దశరథం బావ బోరు నీళ్లు ఒక్క తడికి ఇస్తనంటుండు. నువ్వు జర ఊఁ అను."

దశరథం అతని పెదనాన్న కొడుకే. పక్క చేను అతనిది. నడుమ గట్టు జరిపాడని తగాదా వచ్చి, అన్నదమ్ములకు మాటల్లేవు.

"వాని నీళ్లా? చేను ఎండినా వద్దు! మిట్టమధ్యాహ్నం ఆకు ముడుసుకోదా ఏంది? మా నాయిన పొద్దుగాలనే చేను చూసేటోడు. పొద్దుగాల ఆకు విచ్చుకున్నదంటే దానికి నీళ్ల దూప లేనట్టే. రేపటి సంది గప్పుడే చూపియ్యి."

ఇక రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు వీడియో కాల్. ఆకులు చక్కగా విచ్చుకుని కనిపించేవి. "చూడు, ఎంత ముద్దుగున్నదో!" అని మురిసిపోయేవాడు. "ఆకు గాదయ్యా, పీచు చూడు," అని ఆమె మొత్తుకుంటే, "నీకేం ఎరుకే" అని కాల్ కట్ చేసేవాడు.

రాత్రి చల్లదనానికి ఆకు తేరుకుంటుంది. అంతమాత్రాన పూత ఆగుతుందా? పుప్పొడి దాని వేళకు అది రాలిపోయింది. నీళ్లు లేక పీచు లోపలే ఉండిపోయింది. తీరా అది బయటికొచ్చేసరికి, మీద పడి గింజ కట్టించడానికి పైన పొడి లేదు. తర్వాత వాన దంచి కొట్టింది, చేను పచ్చగా నిగనిగలాడింది. సోమలింగం ఉబ్బిపోయి, గదిలో వాళ్లందరికీ ఘారీ మిఠాయి పంచాడు. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కోతల రోజు పొద్దున నర్సవ్వ కాల్ చేసింది. ఫోను ఎదురుగా పెట్టి ఒక కంకి వలిచింది. పళ్లూడిన నోరులా ఇక్కడో గింజ, అక్కడో గింజ. ఇంకోటి వలిచింది. దానికి అవీ లేవు. అలా వలుస్తూనే పోయింది.

సోమలింగానికి తప్పు పక్కవాళ్ల మీదికి తోసే బుద్ధి పుట్టింది.

"నేను వద్దంటే మాత్రం... నాకు చెప్పకుండనన్న ఒక్క తడి పెట్టకపోయినవా?"

నర్సవ్వ ఫోను పట్టుకుని గట్టు దగ్గరికి నడిచింది. అక్కడి సాలులో ఒక కంకి విరిచి వలిచింది. మొదలు నుంచి కొస దాకా నిండుగా గింజలు.

"బిందెలతోని మోసి పోసిన, ఈ ఒక్క సాలుకు," అంది. "నడుములు పడిపోయినయ్. మిగిలిన చేనుకు పైపు కావాలె, పైపుకు నీ మాట కావాలె."

అతను నెమ్మదిగా అడిగాడు. "దీపావళికి రానా మరి?"

"వచ్చి ఏం చేస్తవ్?" అంది ఆమె, కంకి గంపలో వేస్తూ. "నువ్వు ఆడనుంచి చూసిందే సాలు."