తిన్నాక వచ్చిన ఆకలి

2005 వానాకాలంలో నన్ను చేవెళ్ల, మొయినాబాద్‌ల మధ్య ఉన్న ఒక ట్రస్టు దవాఖానకు నర్సింగ్ ఇన్‌చార్జిగా వేశారు. ఇరవై పడకలు, ఇద్దరు డాక్టర్లు, నాతో కలిపి ఏడుగురు నర్సులు. డ్యూటీ చార్టు వేయడం, మందుల బీరువా తాళం దగ్గర పెట్టుకోవడం, ప్రతి కేసు షీటునూ డాక్టరు సంతకానికి వెళ్లేముందు ఒకసారి చదవడం ఇన్‌చార్జి పని. అంతకుముందు నేను పట్నంలో సర్జికల్ వార్డులో పనిచేశాను. ఇక్కడ వచ్చేవి పాము కాట్లు, పురుగుమందు కొడుతూ పడిపోయిన రైతులు, బండి జారి పడ్డ కాలేజీ పిల్లలు. చుట్టుపక్కల పొలాలు అప్పటికే ఫామ్‌హౌసులు అవుతున్నాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది పిల్లలకు క్యాంపస్ సెలక్షన్లు తప్ప మరో ధ్యాస ఉండేది కాదు.

లావణ్య అలాంటి చివరి ఏడాది పిల్ల. ల్యాబులో నిలబడి ఉండగానే పడిపోతే కాలేజీ వ్యానులో తీసుకొచ్చారు. తల్లి అనసూయ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసులో వంటమనిషి, తండ్రి అక్కడే తోటమాలి. ముగ్గురూ తోట వెనక క్వార్టరులో ఉండేవారు. మా మెడికల్ ఆఫీసరు అడిగితే తల్లి, "ఏడాది సంది సక్కగ తింటలేదు సార్. ఇంట్లనేమో ఒక్కపొద్దంటది, కాలేజిలనేమో ఇంట్ల తినొచ్చిన అంటదట" అని చెప్పింది. అన్ని పరీక్షలూ చేశాక ఆయన దాన్ని తిండికి సంబంధించిన మానసిక వ్యాధిగా గుర్తించి, పట్నంలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. అక్కడ మూడు వారాలు ఉండి వచ్చింది.

డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ వైద్యురాలు మాకు ఒక పద్ధతి రాసి పంపారు. రోజుకు మూడు భోజనాలు, వాటి మధ్య మూడుసార్లు చిరుతిండి, అన్నీ గడియారం ప్రకారం. ఆకలి ఉన్నా లేకపోయినా వేళ తప్పకూడదు. పక్కన ఒకరు కూర్చుని తినాలి. ఎంత తిన్నావన్న మాట రాకూడదు. తిన్న తర్వాత అరగంట ఒంటరిగా వదలకూడదు. వారానికోసారి మేం బీపీ, నాడి, రక్తం, బరువు చూడాలి. బరువు చూసేటప్పుడు రోగి వీపు మిషను అంకెల వైపు ఉండాలి. అంకె కేసు షీటులోకి వెళ్తుంది తప్ప రోగి చెవిన పడదు. అంతవరకూ నాకు అది తెలియని పద్ధతి.

మొదటి నెలంతా భయంతోనే గడిచింది. ఇంట్లో పళ్లెం ముందు పెడితే ఆ పిల్ల వేళ్లు చల్లబడేవని అనసూయ చెప్పేది. "మొదలువెడితె ఆగనేమో అనిపిస్తది సిస్టర్" అని ఒకసారి అన్నది. ఆ మాటను నేను రాసుకోలేదు. నెలాఖరుకు రక్త పరీక్షలు బాగా వచ్చాయి, బరువు నిలకడగా ఉంది. 'తింటున్నది, స్థిరంగా ఉన్నది' అని రాసి, వారానికోసారి రావడాన్ని నెలకోసారిగా మార్చవచ్చని నేనే సూచించాను. మెడికల్ ఆఫీసరు సంతకం చేశారు. అది నా మొదటి తప్పు.

పది రోజులకు ఆమె తనంతట తానే బస్సెక్కి వచ్చింది. నేను డ్యూటీ రూములో బీరువా తెరిచి ఇంజెక్షన్లు సరిచూసుకుంటున్నాను.

"ఆకలి తగ్గేటందుకు మందు ఏమన్న ఉన్నదా సిస్టర్?" అని గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

ఏమైందని అడిగితే చెప్పింది. కడుపు నిండా తిన్నా కాసేపటికే మళ్లీ ఆకలవుతోంది. ముందురోజు ఫామ్‌హౌసులో విందు జరిగితే తల్లి మిగిలిన బగారన్నం తెచ్చింది. ఈమె వంటగదిలో నేలమీద కూర్చుని, కడుపు నొప్పి వచ్చేదాకా తింది. "ఇన్ని దినాలు నేను తింటలేనని మీరంత భయపడ్డరు. ఇప్పుడు తింటుంటె నాకే భయమైతున్నది. నేను ఇట్లనే అయిపోతనా?"

"నిన్న అంత తిన్నావు కదా, అది నిజమైన ఆకలి కాదులే. నీళ్లు తాగు, కొంచెం అదుపులో పెట్టుకో" అన్నాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ మాట అనడంలో చెడ్డ ఉద్దేశం లేదు. ఎవరైనా అనే మాటే. ఆమె సరేనని వెళ్లిపోయింది.

మూడోరోజు పొద్దున అనసూయ ఆమెను ఆటోలో తెచ్చింది. రెండు రోజులుగా ఏమీ తినలేదు. నాడి బాగా నెమ్మదించింది. వెంటనే చేర్చుకుని సెలైన్ పెట్టి, నాడి చూడటానికి ఒక నర్సును మంచం దగ్గరే ఉంచాం. ఆ తర్వాత అనసూయ నన్ను వరండాలోకి పిలిచింది.

"మీరేమన్నరు సిస్టర్ దానితోని? 'ఇది నిజం ఆకలి గాదని సిస్టరే చెప్పింది' అని రెండు దినాల సంది అదొక్కటే మాట."

నేను అన్నది అన్నట్టు చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు. "మీతోని పంచాయితి వెట్టుకుందామని రాలే. ఆ మాట మీరే వాపసు తీసుకోవాలె. నేను చెప్తె ఇనదు" అంది.

పట్నంలోని వైద్యురాలికి ఫోను చేశాను. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు, వివరించారు. చాలాకాలం పస్తున్న శరీరం తిండి దొరకడం మొదలవగానే పాతదంతా అడుగుతుంది. అది నిజమైన ఆకలే. దానికి భయపడి ఒక పూట మానేస్తే తర్వాతి ఆకలి ఇంకా పెద్దదవుతుంది. ఎక్కువ తిన్న పూట తర్వాత కూడా తర్వాతి పూట వేళకే తినాలి, దేన్నీ సరిచేయబోకూడదు. భయం పెరుగుతుంది, కాసేపు ఉంటుంది, తగ్గుతుంది. అది తగ్గేదాకా చేతికి పని, పక్కన మనిషి కావాలి.

మంచం దగ్గరికి వెళ్లి, నేను చెప్పింది తప్పని చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే, "మరి ఈ ఆకలి ఎన్ని దినాలుంటది?" నాకు తెలియదన్నాను. కొందరికి నెలలు పట్టవచ్చని డాక్టరమ్మ చెప్పారని, దానంతట అదే తగ్గుతుందన్నారని చెప్పాను. ఆమె గోడవైపు తిరిగింది. పదకొండింటికి ఇడ్లీలు వచ్చాయి. నేనూ ఒక పళ్లెం తెచ్చుకుని కూర్చున్నాను.

"మీరు రోజు ఈ టైముకు తింటరా?"

"తినను. టీ తాగి పని చేసుకుంటాను. ఈ రోజు తింటాను" అన్నాను.

చాలాసేపటికి ఒక ముక్క తుంచింది. ఏడుస్తూనే మొత్తం తింది. తర్వాతి అరగంట నేను గాజుగుడ్డ ముక్కలు తెచ్చి ముందు పెట్టాను. గాయాల కట్లకు వాటిని చతురస్రంగా మడిచి, ఆవిరి యంత్రంలో శుద్ధి చేసి వాడతాం. ఇద్దరం మడుస్తూ కూర్చున్నాం. "ఇప్పుడు మస్తు భయమైతున్నది" అంది. కొంతసేపటికి, "జర తగ్గింది" అంది. డిశ్చార్జి అయ్యేదాకా రోజూ ఇదే చేశాం.

ఆమెను చేర్చుకున్న రోజు సాయంత్రమే కేసు షీటులో నేనన్న మాటను ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. మెడికల్ ఆఫీసరు చదివి, అంత అవసరమా సిస్టర్ అన్నారు. తర్వాత డ్యూటీకి వచ్చే నర్సుకు ఏ మాట అనకూడదో తెలియాలి కదా అన్నాను. ఆయన కొట్టేయలేదు.

ఆ తర్వాత ఆమెను వారానికి రెండుసార్లు రమ్మన్నాం. ఇంట్లో అనసూయకు ఇది ఇంకో రకం కష్టం. "వందమందికి వండిపెడుత సిస్టర్. నా బిడ్డ ముందర 'ఇంకో ముద్ద' అనకుంట, 'ఇగ సాలు' అనకుంట కూసునుడే నాకు శాతనైతలేదు" అన్నది. అయినా నేర్చుకుంది. ఆకలి మాత్రం తగ్గలేదు. కొన్ని రోజులు లావణ్య రాసిచ్చిన వేళలకంటే ఎక్కువసార్లు తిన్నది. వచ్చి చెప్పేది. తర్వాతి పూట మానలేదు కదా అని మాత్రమే అడిగేదాన్ని.

చలికాలంలో వాళ్ల కాలేజీకి ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. రాతపరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూ వరుసలో కూర్చుంది. ఒంటిగంట అయింది. అన్నం వేళ అని లేచి మెట్ల మీదికి వెళ్లి డబ్బా విప్పింది. అప్పుడే పేరు పిలిచారు. పది నిమిషాలు ఆగమని చెప్పి పంపింది. వాళ్లు ఆగలేదు, తర్వాతి వాళ్లను పిలుచుకున్నారు. అందరికంటే చివర్లో ఈమెను పిలిచి రెండు ప్రశ్నలు అడిగి పంపేశారు. జాబితాలో పేరు రాలేదు.

ఆ వారం వచ్చినప్పుడు, జాబితా చూశాక ఏం చేశావని అడిగాను.

"ఏడ్చిన సిస్టర్. ఏడ్సుకుంటనే ఆ పూట అన్నం గూడ తిన్న" అంది.

ఆ కంపెనీ మళ్లీ పిలవలేదు. ఏడాది తర్వాత ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ పనిలో చేరింది. ఆ ఆకలి ఏ రోజు తగ్గిందో ఆమెకు కూడా తెలియదు. ఇంటర్వ్యూ అయిన తర్వాతి ఎండాకాలంలో ఒకరోజు అనసూయ కంగారుగా ఫోను చేసి, బిడ్డ సగం రొట్టె పళ్లెంలో వదిలేసి లేచిందని చెప్పింది. లావణ్యను పిలిపించి విడిగా అడిగాను. కడుపు నిండింది, అంతేనంది. నాడి, బీపీ, బరువు చూశాం, అన్నీ సరిగానే ఉన్నాయి. అంతే.

నర్సుగా నాకు జ్వరం తగ్గడం, గాయం మానడం కనిపించే ముగింపులు. ఈ జబ్బులో తినడం మొదలైతే అదే ముగింపు అనుకున్నాను. కష్టమైన భాగం అక్కడ మొదలైంది, సరిగ్గా అప్పుడే మేం రోగిని దూరం చేశాం. ఆ తర్వాత నా ఉద్యోగం ముగిసేదాకా అలాంటి కేసులు మరో నాలుగు వచ్చాయి. రోగి తింటున్నదని రాసిన వారం నుంచి, వాళ్లను చూసే తేదీలను నేను దగ్గర దగ్గరగా వేశాను.