ఫొటోలో పట్టని కొండ

మా అమ్మ పుట్టిన ఊరికి పోర్ట్ బ్లెయిర్ నుంచి బస్సులో వెళ్లాలి. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా తాతకి సర్కారు అక్కడే ఒక కొండ కింద భూమి ఇచ్చింది. అమ్మ పెళ్లయి పోర్ట్ బ్లెయిర్‌లోని డెలానీపూర్ వచ్చేశాక ఆ కొండ మీద రాతి క్వారీ పెట్టారు. అమ్మకి ఆ సంగతి తెలుసు. ఎంతవరకు తవ్వారో మాత్రం తెలియదు.

చర్చి వార్షికోత్సవానికి పాత కుటుంబాలు తమ ఊరి ఫొటో తేవాలని పాస్టరుగారు చెప్పారు. నేను అప్పుడే కెమెరా కొన్నాను. కొండ మొత్తం పడాలని బస్సులో అమ్మ నాకు చెబుతూనే ఉంది.

దిగి చూస్తే కొండ లేదు. దాని చోట పెద్ద గొయ్యి, అందులో పచ్చటి నీళ్లు, గట్టున రాళ్లు పిండిచేసే యంత్రం. తప్పు స్టాపులో దిగామంది అమ్మ. తాత తవ్వించిన బావి కనిపించాక గోతి వైపు నడిచింది.

నా మెడలో కెమెరా చూసి క్వారీ మేస్త్రీ మమ్మల్ని తనిఖీకి వచ్చినవాళ్లనుకున్నాడు. యంత్రం ఆగిపోయింది. కూలీలు ఎక్కడినుంచో హెల్మెట్లు తెచ్చి పెట్టుకున్నారు. అవి చాలక ఒకతను నెత్తిన అన్నం గిన్నె బోర్లించుకున్నాడు. మాకు కుర్చీలు, కొబ్బరిబొండాలు వచ్చాయి. అమ్మ తీరిగ్గా బొండాం తాగి అడిగింది.

"మా కొండేది భయ్యా?"

మేస్త్రీ కూడా తెలుగువాడే. "అది ఖతం అయిపోనాది కదమ్మా. సగం మీ డెలానీపూర్ గోడల్లోనే ఉంది" అన్నాడు.

మా ప్రహరీగోడకి రాయిని బేరమాడి తెప్పించింది అమ్మే. అందుకని దెబ్బలాడలేకపోయింది.

తనిఖీ కాదని తెలిసి మేస్త్రీ తేలికపడ్డాడు. తమని కూడా ఫొటో తియ్యమన్నాడు. అమ్మ అందరినీ గోతి ముందు వరసగా నిలబెట్టి, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది: "ఈళ్లని కిందకెట్టి పైన జాగా వదులు. కొండ అక్కడుండేది."

చర్చిలో అందరి ఫొటోల్లో కొబ్బరితోటలు, ఇళ్లు. మా దాంట్లో అడుగున హెల్మెట్లు, ఒక గిన్నె, మిగతాదంతా ఆకాశం. నాకు ఫొటో తియ్యడం రాదని మా మావయ్య తేల్చేశాడు. అమ్మ మాత్రం దాని పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకల్లా ఖాళీ ఆకాశంలో వేలితో చూపించింది: ఇది శిఖరం, ఇక్కడ పనసచెట్టు, ఇక్కడినుంచి చూస్తే ఓడలు. వాళ్లు మర్యాదకి తలూపి పలావు వైపు వెళ్లిపోయారు.

చివరికి మిన్నీ బే నుంచి ఒక ముసలావిడ వచ్చింది. చిన్నప్పుడు అమ్మా వాళ్ల పక్కిల్లే. కళ్లజోడు తుడుచుకుని ఆ ఆకాశాన్ని చాలాసేపు చూసింది.

"అంత ఎత్తు లేదే, ఒలే" అంది. "పనసచెట్టు కూడా ఇంకాస్త ఎడంపక్కకి."

అమ్మ ముఖం వెలిగిపోయింది. వెంటనే వాదనకి దిగింది. ప్రార్థన మొదలైనా ఆఖరి బెంచీలో ఇద్దరూ ఆ చెట్టు గురించి గుసగుసలాడుతూనే ఉన్నారు.