బుడ్డదాని కడుపు కింద

మొన్న నగరంలో కోళ్ళ ప్రదర్శన పెట్టారంటే ఊరికే చూద్దామని పోయాను. లోపల అడుగు పెట్టానో లేదో, తడిపిన తవుడు వాసనా, దాని వెనకే వెచ్చటి ఈకల వాసనా వచ్చి తగిలాయి, అంతే, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వరుసగా పంజరాలు, వాటికి పేర్ల చీటీలు, మేజోళ్ళు తొడిగినట్టు కాలివేళ్ళ దాకా ఈకలున్నది ఒకటి, తోకను తలకు ఆనేంత నిటారుగా నిలిపింది ఇంకొకటి, అన్నీ పిడికెడంత పొట్టి కోళ్ళే. జనం ఎగబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నాకేమో మా అవ్వ పెంచిన పొట్టి కోడి, బుడ్డది, కళ్ళ ముందు తిరిగింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను రెండో తరగతి చదివేటప్పుడు, ఆలేరు దగ్గరి మా ఊళ్ళో, బాపు నేసే మగ్గం గుంత పక్కన, రంగు నూలు కండెలు పెట్టుకునే మూలలో, ఒక పాత గంప కింద ఉండేది బుడ్డది. జానెడు కాళ్ళు కూడా లేవు గానీ కోపం ఇంటెడు. దాని గుడ్డు నిమ్మకాయంత. పక్కింటి స్వరూపత్తవి గిరిరాజ కోళ్ళు. ఆ ఎత్తూ, ఆ బరువూ, ఆ రంగులూ చూస్తే ముచ్చటేసేది, కానీ గుడ్డు పెట్టి తనది కానట్టే వెళ్ళిపోయేవి, పొదిగేవి కావు, గద్ద నీడ మీద పడ్డా తవుడు గిన్నె వదిలేవి కావు. బుడ్డదైతే ఒక్క కూతతో పిల్లలన్నిటినీ రెక్కల కింద దాచేసి, పిల్లి మొహం మీదికే ఎగిరేది. అందుకే వాడకట్టంతా గుడ్లు తెచ్చి దాని కింద పెట్టించేవాళ్ళు. పిల్లలయ్యాక సగం వాళ్ళకు, సగం మాకు. పాలుకు పొదిగించడం అనేవాళ్ళు దాన్ని.

"నీ కోడి పిట్టంత లేదు, నా గుడ్లు దాని కింద ఎట్ల పడ్తయే పెద్దమ్మా?" అని స్వరూపత్త ఏడిపించేది.

"నీ కోళ్ళకు ఒళ్ళే పెరిగింది గని ఒడి పెరగలే తియ్," అనేది అవ్వ.

ఆ చలికాలం నాకు జ్వరమొచ్చి దవాఖానలో పడేశారు. అమ్మ బెదిరిపోయి, పిల్ల బాగైతే బోనాలకు మా ఇంటి కోడిని ఇచ్చుకుంటానని పోచమ్మకు మొక్కింది. నేను బాగయ్యాను గానీ, వెంటనే ఊళ్ళో కోళ్ళకు తెగులొచ్చింది. సూదులేయించిన స్వరూపత్త కోళ్ళు బతికాయి, మా ఇంట్లో బుడ్డదొక్కటే మిగిలింది. ఇక మొక్కు తీరాలంటే పోవలసింది అదే. నాకు అన్నం సయించేది కాదు.

అవ్వ స్వరూపత్త దగ్గర గుడ్లు తెచ్చి, గంపలో ఊక పరిచి, బుడ్డదాన్ని కూర్చోబెట్టింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని దాని కడుపు కిందికి తోసింది. అక్కడ ఈకలు లేవు, ఉత్త చర్మం, కాగిన చెంపలాగా వెచ్చగా ఉంది.

"గుడ్లకు వేడి తగలాలని దాని ఈకలు అదే పీక్కుంటది బిడ్డా. గీ ఉత్త జాగల్నే పానం పోసుకుంటది," అంది అవ్వ.

బోనాల నాటికి మా పాలుకొచ్చిన పిల్లల్లో ఒకటి ఎర్రటి పుంజయ్యింది. వాకిలంతా వేపాకు వాసన, బెల్లం పరమాన్నం వాసన, వీధిలో డప్పులు. అమ్మ అప్పటికే బుడ్డదాని కాళ్ళకు పసుపు రాసింది. నేను దాన్ని గట్టిగా హత్తుకుని ఏడుస్తుంటే, అవ్వ పుంజును చంకన పెట్టుకుని వచ్చింది.

"అది స్వరూప వదినె గుడ్డు గదా అత్తమ్మా! నేను మొక్కింది మనింటి కోడిని. పోరికి మల్ల జరమొస్తే?" అంది అమ్మ.

"గుడ్డు ఎవలదైతేంది? తిండి మాని పొదిగిందెవలు? మనింటి కడుపు కింద కన్ను తెరిస్తే మనింటిది గాదా? తప్పైతే నాకే తగలనీ, పోరికి గాదు."

అమ్మ వంగి, కొంగుతో బుడ్డదాని కాళ్ళ పసుపు తుడిచింది. ఆ రాత్రి పుంజు కూర నేను ముట్టలేదనుకునేరు, మారు వేయించుకుని మరీ తిన్నాను.

నాకు మళ్ళీ జ్వరం రాలేదు. బుడ్డది ముసలిదై ఆ గంప కిందే పోయింది, కొన్నాళ్ళకు అవ్వా పోయింది. మగ్గం గుంత పూడ్చి బండలు పరిచాం. ఊళ్ళో గుడ్లిప్పుడు అట్టల్లో వస్తున్నాయి, పాలుకు పొదిగించడమంటే ఏమిటో మా అన్న పిల్లలకు తెలియదు. తలుచుకుంటే దిగులుగా ఉంటుంది.

ప్రదర్శనలో మొదటి బహుమతి కోడి యజమానిని అడిగాను, "అన్నా, ఇది పొదుగుతదా?"

"అమ్మో, పొదగనిస్తమా మేడం! పొట్ట కింద ఈకలు పోతే ప్రైజు పోయినట్టే. గుడ్లు పెట్టంగనే మిషన్ల పెడ్తం," అని నవ్వి, ముచ్చటపడుతున్నాననుకుని దాన్ని నా చేతుల్లో పెట్టాడు.

బుడ్డదంతే ఉంది. వేళ్ళు మెల్లగా కడుపు కిందికి జరిపాను. మెత్తగా, ఒత్తుగా, ఎంత తడిమినా ఈకలే.