పహరా వదిలి పురుగుల గ్రహానికి

పండరినాథా! భక్తుడు తిరిగి చూసేదాకా ఇటుక మీద నిలబడ్డ నీ ఓర్పుకు ముందుగా దండం. నిలబడటం ఎంత గొప్ప సేవో నీవే నిలబడి చూపించావు. ఈ నాలుగు మాటలూ నీ పాదాల దగ్గర పెట్టి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బోధన్ దగ్గరి మా ఊరి గుడిలో సప్తాహం పెట్టారు. ఏడు రోజులు నామం ఆగకూడదు, తంబూరలాంటి ఆ భజన వీణ నేలను తాకకూడదు. వీణను మెడలో వేసుకున్నవాడు తన పహరా, అంటే తన వంతు, అయ్యేదాకా నిలబడాలి. తర్వాతివాడు వచ్చి అందుకుంటేనే దింపాలి. మా అమ్మ జబ్బు నయమైనందుకు పగటి పహరాలన్నీ మా ఇంటి మగవాళ్లే కాస్తారని బాపు మొక్కుకున్నాడు. మా ఇంటి మగవాళ్లంటే ఇద్దరే. మోకాళ్లు అరిగిన బాపు, పెళ్లీడుకొచ్చిన మా అన్న.

ఒక మధ్యాహ్నం అన్న పహరా వేళ దాటింది. మనిషి జాడ లేదు. బాపు కాళ్లు వణుకుతున్నాయి. భజన చేసేవాళ్లు చేతులు చాపారు.

"ఇటియ్యే, జెర్ర కూసో."

"మొక్కింది నేను. నా కొడుకే వస్తడు," అన్నాడు బాపు.

ఆ కొడుకు ఎక్కడుంటాడో నాకు తెలుసు. చెరుకు ట్రాక్టర్ల వెనక నత్తలా పాకే ఆటోలో బోధన్ పోయాను. బస్టాండ్ వెనక గేమ్ సెంటర్లో, చెవులకు డిప్పలు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఆ ఆటను నా కళ్లతో చూశాను, విన్నమాట రాయడం లేదు. ఎక్కడిదో ఒక గ్రహం. ఎర్ర దుమ్ము, పీల్చడానికి గాలి లేదు. ఇనుప తొడుగులో ఒక సిపాయి తుపాకీతో దిగుతాడు. అక్కడే పుట్టి, అక్కడే గుడ్లు పెట్టుకున్న పురుగులను వాటి గూళ్లలోనే కాలుస్తాడు. దానికి లోకరక్షణ అని పేరు. మన పురాణాల్లో రాక్షసుడికి కూడా ఒక పేరు, ఒక తపస్సు, చివరికి దేవుడి చేతిలో మోక్షం ఉంటాయి. ఈ పురుగులకు పేరు లేదు, చంపేవాడికి కారణం లేదు. చంపితే మార్కులు పడతాయి, అంతే. దీని కోసం చదువుకున్న మగవాళ్లు వరుసగా కూర్చుని చెమటలు కక్కుతున్నారు.

"అన్నా, బాపు కాళ్లు వణుకుతున్నయి. లే."

"ఆగవే. ఇంకొక్క గూడు ఉంది. ఇప్పుడు లేస్తే మొత్తం మొదటికెల్లి ఆడాలె."

సెంటర్ నడిపేటాయన నవ్వాడు. "ఒక్క పావుగంట ఆగు అక్కా, మీ అన్న లోకాన్ని కాపాడుతుండు."

"ఏ లోకాన్ని?"

"గదే... పేరు నాకూ తెల్వది."

నేను తెరకు అడ్డంగా నిలబడ్డాను. అన్న నన్ను తిట్టడానికి మెడ తిప్పేలోపు పురుగులన్నీ సిపాయి మీద పడ్డాయి.

"నీ వల్లనే సచ్చిన గదనే!"

"సచ్చినవు గదా, ఇగ నడువు."

మేము గుడికి చేరేసరికి బాపు స్తంభానికి వీపు ఆనించి ఉన్నాడు. వీణ మాత్రం గుండె మీదే ఉంది, నామం నాలుక మీదే ఉంది. అన్న కాళ్లు కడుక్కుని వచ్చి వీణ అందుకున్నాడు. మొక్కు నిలిచింది.

కానీ ఇంకో ఆచారం ఉంది. వీణ ధరించినవాడు ఆ పహరాకు పాండురంగడే. ఇచ్చినవాడు వాడి పాదాలకు మొక్కాలి. బాపు ఆ మోకాళ్ల మీదే మెల్లగా వంగి, ఇంతసేపూ పురుగులను తొక్కి వచ్చిన ఆ పాదాల మీద తల పెట్టాడు. అన్న వేలు తీగను మీటడం లేదు, మీట నొక్కినట్టు నొక్కుతోంది. కళ్లు ఇంకా ఆ ఎర్ర దుమ్ములోనే ఉన్నాయి. తండ్రి తల తన పాదాల మీద ఉందని కూడా వాడు చూడలేదు.

నేనూ మొక్కాను, వీణకు. వాడికి కాదు. ఈ రోజుకూ నా లెక్క అదే.

చదివే అమ్మలారా, అయ్యలారా, నాతో పాటు ఒక్కసారి చేతులు జోడించండి. పాండురంగా, నీ పేరు మోసే భుజం ఏదైనా సరే, దాని మీద ఉన్న బరువేమిటో దానికి తెలిసేలా చెయ్యి. నిలబడ్డ ముసలి మోకాళ్లకు బలం ఇయ్యి. విఠల, విఠల అని మీరూ అనండి.