ఆదివారం కలిపిన సంచులు

విదేశంలోని వెర్రిబీ ఊరి తెలుగువాళ్ళలో భానుప్రసాద్ ఆదివారం వంటకి మంచి పేరుంది. వారానికి సరిపడా పప్పు, కూరలు ఒక్కపూటలో వండి, డబ్బాల్లో సర్ది ఫ్రీజర్లో పెట్టేస్తాడు. పెళ్ళాం మంచాన పడ్డా ఇల్లు ఎంత చక్కగా నడుపుకొస్తున్నాడోనని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోళ్ళు వింటే భార్య కాత్యాయనికి ఒళ్ళు మండుతుంది.

ఆమెకి నోటితో తిండి లేదు. పేగు మెలిపడి కుళ్ళిపోతే డాక్టర్లు చాలా భాగం కోసి తీసేశారు. రోజూ సాయంత్రం ఛాతీ దగ్గరున్న గొట్టానికి ఒక సంచి తగిలిస్తే, తెల్లారేదాకా నెమ్మదిగా రక్తంలోకి దిగేదే ఆమె భోజనం. వారానికోసారి వచ్చే ఆ సంచులు గరాజ్ ఫ్రిజ్‌లో ఉంటాయి. విటమిన్లు మాత్రం విడిగా చిన్న సీసాల్లో వస్తాయి. తగిలించబోయే ముందే వాటిని సంచిలో కలపాలనీ, కలిపి నిల్వ ఉంచితే వాటి సత్తువ పోతుందనీ ఆసుపత్రి నర్సు ఇద్దరికీ చెప్పింది. కాత్యాయని చేతులు వణుకుతున్నాయని ఆ పని భానుప్రసాద్ తీసుకున్నాడు. ఆయన తీసుకున్నాక ఇంకెవరూ నోరెత్తకూడదు.

కొన్నాళ్ళుగా ఆమె చిగుళ్ళు నెత్తురోడుతున్నాయి. కాళ్ళ మీద ఊరికే కమిలిన మచ్చలు తేలుతున్నాయి.

"బ్రష్ మరీ గట్టిగా రుద్దుతున్నావ్ కాత్యా. సాఫ్ట్‌ది తెస్తాలే," అని తేల్చేశాడు మహానుభావుడు.

ఒక సాయంత్రం రైలు ఆలస్యమైందని ఫోన్ చేశాడు. తగిలించేలోగా సంచి చల్లదనం తగ్గాలి కదా అని ఆమే గోడ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. విటమిన్లు పడని సంచి పాలలా తెల్లగా ఉంటుంది, పడితే పసుపుపచ్చగా మారుతుంది. అరల్లో ఉన్నవన్నీ పచ్చగానే ఉన్నాయి. అంటే అన్నిట్లోనూ ముందే విటమిన్లు కలిపేశాడు.

అతను గుమ్మంలో అడుగుపెట్టగానే అడిగింది.

"ఇవన్నీ ఎప్పుడు కలిపారు?"

"సండేనే, వంటతో పాటు. వీక్‌డేస్‌లో ఆఫీస్ నుంచొచ్చాక టైమ్ ఎక్కడుంటుంది?"

"నర్సు వద్దని చెప్పింది కదండీ!"

"వాళ్ళు సేఫ్టీ కోసం అలాగే చెప్తారు. ఫ్రిజ్‌లోనే ఉన్నాయిగా, ఏమవుద్ది? నువ్వు ఓవర్‌గా రియాక్ట్ అవ్వకు."

"నా నోట్లోంచి నెత్తురు కారుతుంటే ఓవరా?"

జవాబు కోసం ఆగకుండా స్పీకర్ పెట్టి నర్సుకి ఫోన్ చేసింది. విటమిన్ సి సత్తువ పోయి అందకే చిగుళ్ళు నెత్తురోడుతుండొచ్చనీ, ఆ సంచులు తగిలించొద్దనీ, వెంటనే ఆసుపత్రికొస్తే రక్తపరీక్ష చేసి కొత్త సంచి ఇస్తామనీ నర్సు చెప్పింది. ఇకమీదట ఎవరు కలుపుతారని అడిగింది. భానుప్రసాద్ గొంతు సవరించుకునేలోపు కాత్యాయని తానే నేర్చుకుంటానంది. చేతులు వణికినా వీలయ్యే పద్ధతి చూపిస్తానని నర్సు మాటిచ్చింది.

భానుప్రసాద్ మొహం మాడిపోయింది.

"ఇంత చేశాక కూడా నా మీద నమ్మకం లేదా?"

"లేదు," అంది కాత్యాయని. "కారు తీయండి."